సీటీ నార్మల్ అన్నారు, మనిషి మాత్రం నార్మల్‌గా లేరు

అనంతపురం ఆడపడుచు
సోమవారం, రాత్రి 11.52

అందరికీ నమస్తే. మేముండేది బెంగళూరులో మారతహళ్ళి వైపు. ఏడు వారాల కిందట శుక్రవారం రాత్రి ఆఫీసులయ్యాక కారులో అనంతపురం బయల్దేరాం. పాప అప్పటికే మా అమ్మావాళ్ళింట్లో ఉంది. బాగేపల్లి దాటాక ఒక లారీ సగం లేన్‌లోకి వచ్చి ఆగి ఉంది. వెనక లైట్లు లేవు, రేడియం స్టిక్కర్ లేదు, కనీసం చెట్టుకొమ్మ కూడా అడ్డం పెట్టలేదు. కారు ఎడమవైపు లారీ మూలకు కొట్టుకుని డివైడర్ ఎక్కింది. ఇద్దరం బెల్టు పెట్టుకునే ఉన్నాం.

ఎడమ సీట్లో ఉన్న మా ఆయన తల కిటికీ పక్కన పిల్లర్‌కి తగిలింది. రక్తం పెద్దగా రాలేదు, స్పృహ తప్పలేదు. కానీ "పాప ఏది?" అని ఒకటే ప్రశ్న. "అమ్మ దగ్గరుందండీ" అంటే "ఓహో" అనేవారు. నిమిషం కాగానే మళ్ళీ "పాప ఏది?" ఆసుపత్రికి చేరేలోపు ముప్పై సార్లయినా అడిగుంటారు. తెల్లారాక ఆగింది. తలకి సీటీ స్కాన్ తీశారు, నార్మల్. రెండు రోజులుంచుకుని "ఏం లేదమ్మా, అదృష్టవంతులు" అని పంపేశారు.

అప్పట్నుంచీ ఈయన మా ఆయన కాదు. కుక్కర్ విజిల్ వస్తే చెవులు మూసుకుంటారు. పాప బొమ్మ కింద పడేస్తే అరుస్తారు. ఒకే మెయిల్ నాలుగు సార్లు చదువుతారు. సాయంత్రం ఐదుకల్లా మంచం ఎక్కుతారు. నిన్న ఆయన హాల్లో కూర్చునుండగానే పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లగా అయిపోయింది. పది అడుగుల దూరం! నేను స్నానం నుంచి వచ్చి చూసి గట్టిగా అరిచేశాను. ఆయన బిత్తరపోయి చూశారు.

ఇది నిజంగా దెబ్బ వల్లేనా, లేక మనసులో ఏదైనా పెట్టుకున్నారా? మా అత్తగారు దిష్టి అంటున్నారు. ఎవరికి చూపించాలి?

సిల్క్‌బోర్డ్ సన్యాసి
మంగళవారం, ఉదయం 8.15

అక్కా, మీరు రాసింది చదువుతుంటే నా కథే మళ్ళీ విన్నట్టుంది. 2019లో రింగ్ రోడ్డు మీద నేనున్న క్యాబ్‌ని వెనక నుంచి టెంపో గుద్దింది. నా సీటీ కూడా నార్మలే. మూడో రోజు ఆఫీసుకెళ్ళా. ట్యూబ్‌లైట్ల కింద అరగంట కూర్చుంటే వాంతి వచ్చినట్టయ్యేది. మీటింగ్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా ఎక్కేది కాదు. కట్టు లేని దెబ్బకు లీవు ఎవడిస్తాడు? నేనూ అడగలేదు. నెలన్నరకి మా మేనేజరే "ఏమైంది నీకు, ఇలాంటి తప్పులు నువ్వు చేయవే" అన్నాడు.

నాకు పనికొచ్చింది ఒకటే. రోజుకి రెండు గంటల పనితో మొదలుపెట్టి, ఇరవై నిమిషాలకోసారి లేచి, వారానికి ఒక్కో గంట పెంచుకుంటూ పోవడం. పూర్తిగా కోలుకోడానికి నాలుగు నెలలు పట్టింది. మీ ఆయన ఐదింటికే పడుకుంటున్నారంటే అది బద్ధకం కాదు. ఆ టైముకి బ్యాటరీ అయిపోతుందంతే.

నెల్లూరు నర్సు
మంగళవారం, మధ్యాహ్నం 2.40

అమ్మా, నేను న్యూరో వార్డుల్లో పన్నెండేళ్ళు చేశాను, అందులో ఎక్కువ ఈ ఊళ్ళోనే. డాక్టర్ని కాదు. చూసింది చెబుతాను.

సీటీలో ఎముక విరగడం, రక్తం గడ్డకట్టడం, పెద్ద వాపు కనిపిస్తాయి. ప్రాణాపాయం ఉందో లేదో తేల్చడానికి అది కావాలి. కానీ కుండ పగలకపోయినా లోపల పెరుగు చెదురుతుంది కదా, ఇదీ అలాంటిదే. బెల్టు ఛాతీని పట్టి ఉంచింది, పుర్రె పిల్లర్ దగ్గర ఆగింది. లోపల నీళ్ళలో తేలుతున్న మెదడు ఇంకా కదులుతూనే ఉంటుంది, మెలి తిరుగుతుంది. అప్పుడు సన్నటి నరాల పోగులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. మామూలు సీటీకి అవి దొరకవు. ఎంఆర్ఐలో కొన్నిసార్లు చిన్న రక్తపు చుక్కల్లా కనిపిస్తాయి, కొన్నిసార్లు అందులోనూ కనిపించవు.

"పాప ఏది" అని అన్నిసార్లు అడిగారన్నారే, అది చాలా ముఖ్యమైన సంగతి. ఆ టైములో మెదడు చూసింది చూసినట్టు జారవిడిచేస్తుంది, కొత్త జ్ఞాపకం నిలవదు. మనిషి మాట్లాడతాడు, నడుస్తాడు, సంతకం కూడా పెడతాడు. మర్నాడు ఏదీ గుర్తుండదు. అది ఎన్ని గంటలు సాగింది అన్నదాన్ని బట్టి దెబ్బ ఎంతటిదో డాక్టర్లు అంచనా వేస్తారు. డిశ్చార్జి కాగితంలో రాశారా? రాసుండరు. మీరే ఒక కాగితం మీద టైములతో రాసిపెట్టండి.

"మైల్డ్" అని రాసుంటే ఆ మాటకీ అర్థం చెబుతాను. 1974లో గ్లాస్గోలో ఇద్దరు డాక్టర్లు తయారుచేసిన స్కేలు ఉంది. కళ్ళు తెరవడానికి, మాటకి, కదలికకి మార్కులు. మొత్తం 15. 13 నుంచి 15 లోపు వస్తే మైల్డ్. అది ఆ రాత్రి మార్కు మాత్రమే. తర్వాత ఇంట్లో కాపురం మైల్డ్‌గా సాగుతుందా అన్నది స్కేలుకి తెలియదు.

ఇక పాల సంగతి. ఆయన చూసుకోలేదా, లేక వాసన రాలేదా? కాఫీ పొడి డబ్బా తీసుకోండి. కళ్ళు మూయించి, ఒక ముక్కు మూసి రెండోదానికి చూపించండి. తర్వాత కరివేపాకు నలిపి చూపించండి. అమృతాంజనం, జిందా తిలిస్మాత్ వద్దు. అవి ముక్కులో మంటగా తగిలి తెలిసిపోతాయి, వాసన తెలిసినట్టు కాదు.

బెళ్ళందూరు బ్యాచిలర్
మంగళవారం, సాయంత్రం 6.05

ఇంత టెన్షన్ ఎందుకక్కా, రాత్రి బావగారికి రెండు పెగ్గులేయించండి. నిద్రా పడుతుంది, కోపమూ పోతుంది 😄

నెల్లూరు నర్సు
మంగళవారం, సాయంత్రం 6.20

బాబూ, నీ వయసు పిల్లల్ని వార్డులో చాలామందిని చూశాను, అందుకే చెబుతున్నా. దెబ్బ తిన్న మెదడుకి మందు మామూలు కంటే త్వరగా ఎక్కుతుంది, కాలు తడబడుతుంది. మళ్ళీ పడి తలకి రెండో దెబ్బ తగిలితే మొదటిదానికంటే ప్రమాదం. ఫిట్స్ వచ్చే అవకాశమూ ఉంది. నవ్వులాట కాదిది.

బెళ్ళందూరు బ్యాచిలర్
మంగళవారం, సాయంత్రం 6.31

సారీ అక్కా. తెలీక అన్నా.

జయనగర్ తాతయ్య
మంగళవారం, రాత్రి 9.10

అమ్మాయీ, అత్తగారి మాట తీసేయకు, ఎర్రనీళ్ళతో దిష్టి తీయించు. ఖర్చు లేదు, నష్టం లేదు. అది అయ్యాక డాక్టరు దగ్గరికీ వెళ్ళు. ఈ రెండో మాట ఎందుకంటున్నానో చెబుతాను.

నాకు డెబ్బై రెండు. గుండెలో స్టెంటు ఉంది, రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకుంటాను. కిందటేడు మా ఫోర్త్ బ్లాక్‌లోనే డ్రైవరు సడన్ బ్రేకు కొడితే తల ముందు సీటుకి తగిలింది. బొప్పి కూడా కట్టలేదు. ఇంట్లో చెప్పనే లేదు. మూడు వారాలకు మా ఆవిడ "ఏమండీ, ఎడమ చెప్పు ఏదీ" అంది. చూస్తే కాలికి లేదు. గుమ్మం దగ్గర జారిపోయింది, నాకు తెలియలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు గుళ్ళో. మా అబ్బాయి బలవంతాన స్కాన్‌కి తీసుకెళ్తే పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం పొరలా పేరుకుని ఉందట. చిన్న రంధ్రం చేసి తీసేశారు. రెండో రోజు చెప్పు నిలిచింది.

అందుకని మొదటి రోజు స్కాన్ పట్టుకుని ఏడు వారాలు కూర్చోవద్దు. తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మత్తుగా తూలుతున్నా, చెయ్యో కాలో బలం తగ్గుతున్నా మళ్ళీ తీయించాలి.

నెల్లూరు నర్సు
మంగళవారం, రాత్రి 9.35

తాతగారు బంగారం లాంటి మాట చెప్పారు. ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారడం కూడా కలుపుకోండి. ఇవి ఉంటే థ్రెడ్‌లో రాయడం కాదు, 108కి ఫోన్ చేయడమే.

అనంతపురం ఆడపడుచు
బుధవారం, రాత్రి 10.20

కాఫీ పొడి చూపించాను. "ఏముంది ఇందులో?" అన్నారు. కరివేపాకు, ఏమీ లేదు. చివరికి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు కిందే పెట్టాను. మా ఇంట్లో ఇంగువ మూత తీస్తే వీధిలోకి తెలుస్తుంది. ఆయన కళ్ళు మూసుకునే "ఇంకా తేలేదా?" అన్నారు.

వంటింట్లోకి వచ్చి ఏడ్చాను. ఏడు వారాలుగా "ఉప్పు లేదు, కారం లేదు, చప్పగా ఉంది" అంటుంటే వంకలు పెడుతున్నారనుకున్నాను.

నెల్లూరు నర్సు
బుధవారం, రాత్రి 10.48

ఏడవకమ్మా. ముక్కు పైభాగంలో ఎముకకి జల్లెడలా సన్నని రంధ్రాలుంటాయి. వాసన తెచ్చే నరాలు వాటిలోంచే మెదడుకి వెళ్తాయి. మెదడు ఒక్క ఊపుతో కదిలితే అక్కడ తెగుతాయి. కొందరికి మొదటి ఏడాదిలో కొంత తిరిగొస్తుంది, కొందరికి రాదు. ముందు గ్యాస్ లీకు డిటెక్టర్ కొనండి. మిగిలిపోయిన కూర ఆయన వాసన చూసి తినలేరు కాబట్టి డబ్బా మీద తేదీ రాయండి.

పైగా ఆ జల్లెడ ఎముక సరిగ్గా నుదుటి వెనకుండే భాగానికి కిందే ఉంటుంది. కోపాన్ని ఆపుకోవడం, రెండు పనులు ఒకేసారి పట్టుకోవడం ఆ భాగం పని. వాసన పోయినవాళ్ళందరికీ కోపం వస్తుందని కాదు. మీ ఇంట్లో రెండూ కలిసి వచ్చాయంటే డాక్టరుకి రెండూ కలిపి చెప్పాలి. న్యూరాలజిస్టుని కలిసి న్యూరోసైకాలజీ పరీక్ష, అంటే జ్ఞాపకం, ఏకాగ్రత లాంటివి కొలిచే పరీక్ష రాయమనండి. బొమ్మలు, అంకెలు, మాటలతో రెండు మూడు గంటలు పడుతుంది, ఒక్కోసారి రెండు రోజులుగా చేస్తారు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్‌లో (మానసిక, నరాల జబ్బుల పెద్దాసుపత్రి) ఆ విభాగం ఉంది. లైను పెద్దది, పొద్దున్నే వెళ్ళండి.

సైకాలజీ చదివినామె
బుధవారం, రాత్రి 11.30

మొదట్నుంచీ చదువుతున్నాను. నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఒకటి అడగొచ్చా? మీకు ఇష్టం లేకపోతే జవాబివ్వకండి.

మీ మొదటి పోస్టులో ఆయన ఎక్కడ కూర్చున్నారో ఉంది, లారీ ఎలా ఆగిందో ఉంది, పాప ఎక్కడుందో ఉంది. కారు ఎవరు నడుపుతున్నారో లేదు.

సిల్క్‌బోర్డ్ సన్యాసి
గురువారం, ఉదయం 7.50

ఎడమవైపు కూర్చున్నారంటే... నేను గమనించనే లేదు.

అనంతపురం ఆడపడుచు
శుక్రవారం, రాత్రి 2.14

నేనే.

ఆయన ఆ రోజు అలిసిపోయారని దేవనహళ్ళి దగ్గర స్టీరింగ్ నేను తీసుకున్నాను. లారీ కనబడగానే కుడికి కట్ కొట్టాను. నా వైపు తప్పింది, ఆయన వైపు తగిలింది. మా అత్తగారు ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును అనిపిస్తుంది.

నాకు ఒక్క గీత కూడా పడలేదు. బాగేపల్లి దగ్గరివాళ్ళు, అందరూ తెలుగే, "ఈ అమ్మికేం కాలేదు, ఆయన్ని చూడండి" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. కారు ఆగాక అంతా నిశ్శబ్దం. ఇండికేటర్ ఒక్కటే టిక్ టిక్ అని కొట్టుకుంటోంది. పక్కన ఈయన "పాప ఏది?" మళ్ళీ టిక్ టిక్. ఎంతసేపో తెలీదు.

రోజూ రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. అదే శబ్దం. కారు తీయడం మానేశాను. పోయిన వారం క్యాబ్‌లో ఇండికేటర్ వేస్తే ఆపమన్నాను. "మేడం, ఇండికేటర్ లేకుండా రింగ్ రోడ్డు మీద లెఫ్ట్ ఎలా కొట్టేది" అని పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. మధ్యలోనే దిగిపోయాను. చుట్టాల్లో ఒక డాక్టరు అల్‌ప్రాజోలమ్ (ఆందోళన తగ్గించే మాత్ర) రాశారు, రోజూ వేసుకుంటున్నాను.

ఆయనకి ఆ రాత్రి అసలు గుర్తే లేదు. నాకు నిమిషం కూడా మరుపు రాదు.

సైకాలజీ చదివినామె
శుక్రవారం, ఉదయం 9.05

రాసినందుకు చాలా సంతోషం. మీ ఇంట్లో దెబ్బ తగిలింది ఇద్దరికి. ఆయనకి జ్ఞాపకం నిలవలేదు. మీకు జ్ఞాపకం జ్ఞాపకంలా మారలేదు. మామూలుగా ఏదైనా జరిగితే "అది ఫలానా రోజు, ఫలానా చోట, అయిపోయింది" అని తేదీ వేసి మెదడు బీరువాలో పెడుతుంది. విపరీతమైన భయంలో ఆ తేదీ పడదు. అందుకే టిక్ టిక్ వినగానే గుర్తు రావడం కాదు, మళ్ళీ జరుగుతున్నట్టే ఉంటుంది. గుండె దడ, చెమట అన్నీ ఆ రాత్రివే.

ఇలాంటివి మొదటి నెలలో ఉంటే చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటాక కూడా మెలకువలు, తప్పించుకు తిరగడం, ఉలికిపాటు, "నా వల్లే" అన్న ఆలోచన కలిసి ఉంటే పీటీఎస్‌డీ (భయంకరమైన ఘటన తర్వాత మనసులో మిగిలిపోయే జబ్బు) కోసం పరీక్షించాలి. మీకు ఏడు వారాలు. నేను ఇక్కడ కూర్చుని పేరు పెట్టను, కానీ వెళ్ళండి. యుద్ధం చేసినవాళ్ళకే ఇది వస్తుందనుకుంటారు. ఈ పేరు 1980లో వైద్యుల పుస్తకాల్లోకి వచ్చింది. అంతకు వందేళ్ళకు పైగా ముందే, 1866లో లండన్‌లో ఎరిక్సెన్ అనే సర్జన్ రైలు ప్రమాదాల్లో ఒంటిమీద గాయం లేకుండా బయటపడి తర్వాత నిద్ర, మతి, పని అన్నీ పోగొట్టుకున్నవాళ్ళ గురించి రాశాడు. వెన్ను అదరడం వల్ల అనుకున్నాడు పాపం. నటిస్తున్నారని రైల్వే కంపెనీల వాళ్ళు వాదించేవారు. నష్టపరిహారం ఇవ్వాలి కదా మరి.

అల్‌ప్రాజోలమ్ సంగతి. ఆ రాత్రికి మగత ఇస్తుంది, అసలు సమస్యని తీయదు, అలవాటు పడుతుంది. అలాగని ఇవాళే ఆపేయకండి, ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. సైకియాట్రిస్టు మెల్లగా తగ్గిస్తారు. ఈ సమస్యకి బాగా పరీక్షించి నిలిచిన వైద్యం ట్రామాకి, అంటే ఇలాంటి మానసిక గాయానికి ప్రత్యేకంగా చేసే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల వైద్యం). ఈఎండీఆర్ అని ఇంకోటుంది, కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ ఆ ఘటనని తలుచుకునే పద్ధతి. సాధారణంగా 8 నుంచి 12 సెషన్లు. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి, దిగులుకీ ఆందోళనకీ ఇచ్చే మందు.

కుడికి కట్ కొట్టడం గురించి ఒక్క మాటే అంటాను. ఆ అర సెకనులో నిర్ణయం తీసుకునేంత టైము మనిషికి ఉండదు. మిగతాది మీ థెరపిస్టుతో మాట్లాడాల్సినది, నేను ఓదార్చి ముగించేది కాదు.

బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్ళ సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది. రాత్రి రెండింటికి మాట్లాడాలంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416. ఉచితం, తెలుగు ఎంచుకోవచ్చు.

బెళ్ళందూరు బ్యాచిలర్
శుక్రవారం, ఉదయం 11.20

అక్కా, ముందు నేను వాగినదానికి మళ్ళీ సారీ. ఎక్కడో చదివా, యాక్సిడెంటయిన వెంటనే టెట్రిస్ (పైనుంచి పడే ముక్కలు పేర్చే) గేమ్ ఆడితే ఆ దృశ్యాలు తక్కువ గుర్తొస్తాయని. నిజమేనా, వాట్సాప్ సైన్సా?

సైకాలజీ చదివినామె
శుక్రవారం, మధ్యాహ్నం 1.15

నిజంగానే చేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చిన 71 మంది రోడ్డు ప్రమాద బాధితుల మీద. ఆరు గంటల లోపు, ముందు ఆ ఘటనని కాసేపు గుర్తు చేయించి, తర్వాత ఆడించారు. మొదటి వారంలో ఆ దృశ్యాలు సగానికి పైగా తక్కువ వచ్చాయి. చిన్న అధ్యయనం, ఒక్క వారం మాట. తలకి దెబ్బ తగిలిన మనిషికి ఫోను చేతిలో పెట్టమని దీనికి అర్థం కాదు.

క్లెయిమ్ కాగితాలు
శుక్రవారం, రాత్రి 8.30

వకీలుని. సందర్భం కాదేమో కానీ గడువుంది కనుక చెబుతున్నా. 2022 ఏప్రిల్ 1 తర్వాత జరిగిన ప్రమాదాలకు మోటార్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం కేసు ఆరు నెలల్లోపు వేయాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే చోటే, అంటే బెంగళూరులోనే వేయవచ్చు. ఎఫ్ఐఆర్‌లో లారీకి లైట్లు లేవని ఉందా చూడండి. లేకపోతే ఆ రాత్రి ఫోటోలు ఎవరి ఫోన్లోనైనా ఉన్నాయేమో వెతకండి. సాయం చేసినవాళ్ళని అడగడానికి మొహమాటపడొద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో సెక్షన్ 134ఏ వచ్చింది, వాళ్ళని ఎవరూ బలవంతంగా సాక్ష్యానికి లాగలేరు, వాళ్ళంతట వాళ్ళు ఇస్తే వేరు.

చేయి విరిగితే ఎక్స్‌రే చాలు. మతిమరుపుకి, వాసన పోయినదానికి కాగితం కావాలి. నర్సుగారు చెప్పిన న్యూరోసైకాలజీ రిపోర్టు, ఈఎన్‌టీ రిపోర్టు తీసుకోండి. అంగవైకల్యం ఎంత శాతం అన్నది కాదు, దానివల్ల సంపాదన ఎంత తగ్గింది అన్నది చూడాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకోటి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మామూలు జబ్బుల్లాగే మానసిక జబ్బులకీ హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వాలి. పాలసీ తీసి చదవండి.

జయనగర్ తాతయ్య
శుక్రవారం, రాత్రి 9.02

అమ్మాయీ, అత్తగారు ఏమీ అనకపోవడం అంటే నిన్ను తప్పుపట్టడం అని ఎందుకనుకుంటావు? మీ కారులో ఆవిడ కొడుకుతోపాటు కోడలూ ఉంది కదా. ఒకసారి పక్కన కూర్చో.

అనంతపురం ఆడపడుచు
ఆదివారం, సాయంత్రం 5.40 (ఆరు వారాల తర్వాత)

చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ఆయనకి పరీక్ష అయ్యింది. గుర్తుపెట్టుకోవడం ఫర్వాలేదు, వేగం, ఏకాగ్రత తగ్గాయని వచ్చింది. ఆఫీసులో రిపోర్టు చూపించాక సగం రోజు పని ఒప్పుకున్నారు. కుక్కర్‌కి వెయిట్ తీసేసి గిన్నెలో అన్నం వండుతున్నాను. అరుపులు తగ్గాయి, పోలేదు. మొన్న పాప గ్లాసు పగలగొడితే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. పాప నా దగ్గరికి వచ్చి "నాన్న ఈసారి అరవలేదు" అంది.

నాకు ఐదు సెషన్లయ్యాయి. మాత్ర సగానికి తగ్గింది. హోంవర్కు ఏంటంటే, బేస్‌మెంట్‌లో ఆపి ఉన్న కారులో కూర్చుని ఇండికేటర్ వేసుకోవాలి. భయానికి వందకి ఎన్నో మార్కు వేసి, అది సగమయ్యేదాకా దిగకూడదు. (రిపేరయి వచ్చిన అదే కారు. అమ్మేద్దామంటే ఆయనే వద్దన్నారు.) మొదటి రోజు 95. నాలుగు నిమిషాలకే తలుపు తీసుకుని పరిగెత్తాను. వాచ్‌మన్ బ్యాటరీ డౌన్ అయిందా అని అడిగాడు. మూడో రోజు ఆయన కూడా వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నారు. టిక్ టిక్ మధ్యలో "ఆ రోజు నేను ఏదో అడిగానన్నావు, ఏంటది?" అన్నారు. చెప్పాను. మొత్తం, మొదట్నుంచీ, లారీ దాకా, స్టీరింగ్ దాకా. ఎవరికీ అలా వరసగా చెప్పలేదు ఇంతవరకూ. ఆయన విని "అన్నిసార్లు అడిగానా?" అన్నారు, అంతే. ఆ రోజు మార్కు 50కి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఇంకా రోడ్డెక్కలేదు.

నెల్లూరక్కా, మీకొకటి. నిన్న ఆయన ఉన్నట్టుండి "కాఫీ మాడిపోతోంది" అన్నారు. పరిగెత్తుకెళ్ళి చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు. కరివేపాకు కడిగి ఆరబెట్టానంతే. ఇదేమైనా మంచికేనా?

నెల్లూరు నర్సు
ఆదివారం, రాత్రి 7.15

వాసన తిరిగొచ్చేవాళ్ళలో కొందరికి ముందు ఇలాగే తప్పు వాసనలు తెలుస్తాయి. మాట ఇవ్వలేను కానీ రాసిపెట్టండి, ఏ వస్తువు దగ్గర ఏ వాసన అన్నారో తేదీతో. ఈఎన్‌టీకి చూపించండి. న్యూరాలజిస్టుకి కూడా చెప్పండి, ఎందుకంటే ఏమీ లేకుండానే అప్పుడప్పుడూ మాడు వాసన వచ్చి కాసేపు చూపు నిలబడిపోతుంటే అది ఫిట్స్ రకం కూడా కావచ్చు, తేల్చుకోవాలి. గ్యాస్ డిటెక్టర్ మాత్రం తీసేయకండి.